టర్కీ వేటకి చిన్న గేజ్: .410, 20 రెండూ వాడాక

ముందే చెప్పేస్తున్నాను. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో వసంతకాలపు టర్కీ కోడి వేటకి ఒకే ఒక్క తుపాకీ కొనాలనుకుంటే 20 గేజ్ కొనండి (గేజ్ అంటే బ్యారెల్ లావు కొలత, అంకె పెరిగేకొద్దీ బ్యారెల్ సన్నం; .410 మాత్రం అంగుళాల్లో చెప్పే కొలత, 20 కన్నా సన్నది). నేను ఇష్టంగా మోసేది మాత్రం .410. చాలా సీజన్లుగా రెండూ వాడుతున్నాను. ఈ రెంటికీ తేడా ఎక్కడ తెలుస్తుందో, ఖర్చు ఎక్కడ పెట్టాలో రాస్తాను. తుపాకీ దగ్గర పిసినారితనం చేసినా నడుస్తుంది, తూటా దగ్గర మాత్రం నడవదు.

తుపాకీ కన్నా ముందు వీసా సంగతి. ఇక్కడి మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది అదే. హెచ్-1బీ లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. షాపులో తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది. లైసెన్సు గడువు అయిపోతే మినహాయింపు కూడా అయిపోయినట్టే. కాబట్టి బీరువాలో తుపాకీ ఉన్నన్నాళ్ళూ ఆ కాగితం తేదీ చూసుకుంటూ ఉండాలి. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ బెడద లేదు. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళయితే, మిస్సోరీలో లైసెన్సు కొనే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. తుపాకీ పట్టుకోవడం ఎరగని వాళ్ళకి ఆ కోర్సు నిజంగానే ఉపయోగం.

ఇక అసలు విషయం. ఒకప్పుడు .410తో టర్కీకి బయల్దేరితే పాత వేటగాళ్ళు నవ్వేవాళ్ళు. అందులో న్యాయం ఉంది. టర్కీ పుంజుని ఒంటి మీద కొట్టరు. ఈకలూ, మందపాటి రొమ్ము కండా దాటి తూటాలోని చిన్న గుళ్లు లోపలికి పోవు, గాయపడ్డ పక్షి ఎగిరిపోయి ఎక్కడో చస్తుంది. గురి తలకీ మెడకీ పెట్టాలి. మెదడుకో, మెడ వెన్నుపూసలకో రెండు మూడు గుళ్లు గట్టిగా తగిలితే అక్కడికక్కడే పడిపోతుంది. అంత చిన్న చోట తగలాలంటే గుళ్లు చాలా ఉండాలి, ఒక్కోదానికీ దూసుకుపోయే బరువూ ఉండాలి. మూడంగుళాల .410 తూటాలో సీసం 11/16 ఔన్సు పడుతుంది. 6 నంబరు గుళ్లయితే (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది) నూట యాభై చిల్లర. పాతిక గజాలు దాటితే ఆ లెక్క సరిపోదు.

ఈ లెక్కని మార్చింది టంగ్‌స్టన్. టీఎస్ఎస్ అని పిలుస్తారు, టంగ్‌స్టన్ సూపర్ షాట్. సీసం సాంద్రత ఘనసెంటీమీటరుకి 11.3 గ్రాములైతే దీనిది దాదాపు 18. అందుకని 0.08 అంగుళాల 9 నంబరు గుండు కూడా పాత 5 నంబరు సీసం గుండు చేసే పని చేస్తుంది. ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్ళు ముందునుంచీ దీన్ని వాడేవారు. 2018లో ఫెడరల్ అనే తూటాల కంపెనీ హెవీవెయిట్ టీఎస్ఎస్ పేరుతో డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టాక .410కి దశ తిరిగింది. ఆ మూడంగుళాల .410 తూటాలో 13/16 ఔన్సు 9 నంబరు ఉంటుంది, సెకనుకి 1,100 అడుగుల వేగం. లెక్కేస్తే దాదాపు 290 గుళ్లు. పాతకాలం 12 గేజ్‌లో రెండు ఔన్సుల 5 నంబరు సీసం తూటాకి 340 వరకు ఉండేవి. అంటే తేడా అంత పెద్దదేం కాదు.

నా .410 సింగిల్ షాట్, మధ్యలో విరిచి తూటా పెట్టే రకం. 26 అంగుళాల బ్యారెల్, బరువు ఐదు పౌన్లకి కాస్త అటూ ఇటూ. కొత్తది కొనేవాళ్ళకి ఈ గేజ్‌లో టర్కీ కోసమనే చేసిన స్టీవెన్స్ 301, పంపు రకంలో (ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా మార్చేది) మోస్‌బర్గ్ 500 దొరుకుతాయి. నాది వాటిలో ఏదీ కాదు, సెకండ్ హ్యాండులో చవకగా కొన్న మామూలు బ్రాండు. ఓజార్క్ గుట్టల్లో తెల్లవారకముందే ఎక్కి దిగాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఓక్ చెట్టుకి చేరబడి తుపాకీని మోకాలి మీద ఆనించి, కూతలు వినబడుతున్నా పుంజు కనబడక అరగంట కదలకుండా కూర్చోవాలి కదా, అప్పుడు కూడా చేయి లాగదు. టర్కీ కన్ను మహా చురుకు. చేయి మార్చుకున్నామా, ఆ పూటకి వేట ముగిసినట్టే.

నచ్చనివీ ఉన్నాయి. పేల్చే ముందు వెనక్కి లాగాల్సిన హ్యామర్ స్ప్రింగు బిగువు. చలికి బిగుసుకుపోయిన బొటనవేలితో వెనక్కి లాగితే టక్‌మని చప్పుడు, అదీ పుంజు దగ్గరికి వచ్చాక. మా అమ్మాయి చిన్న చేతికైతే మొదట్లో అసలు లొంగలేదు. అలాగని హ్యామర్ ఉండటం పిల్లల విషయంలో మంచిదే, తుపాకీ సిద్ధంగా ఉందో లేదో పక్కన కూర్చున్న నాకు కంటితో కనిపిస్తుంది. ఇక బ్యారెల్ ముందు భాగం మరీ తేలిక, ఆయాసంలో ఉంటే గురి ఊగుతుంది. దాంతో వచ్చిన ఇత్తడి పూస తీసేసి చిన్న రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) పెట్టించాను. చెంప కాస్త పైకి లేచినా దెబ్బ తల మీదుగా పోయే ప్రమాదం దాంతో తగ్గింది. తుపాకీ తర్వాత నేను పెట్టిన ఖర్చుల్లో మంచిది ఇదే.

గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. బిగుతు చోక్ (గుళ్లు చెదరకుండా బ్యారెల్ కొసని సన్నం చేసేది), టీఎస్ఎస్ కలిస్తే 12, 15 గజాల్లో గుళ్లన్నీ గుప్పెడంత చోటులో పోతాయి. దూరం గురించి అందరూ మాట్లాడతారు గానీ, మరీ దగ్గరికి వచ్చిన పుంజు మీద గురి తప్పడం అంతకన్నా తేలిక. నా .410 హద్దు 35 గజాలు. కాగితం మీద 40 దగ్గర కూడా పది అంగుళాల వృత్తంలో వంద గుళ్లు దాటాయి, కానీ ఒక పక్కకి ఒరిగి. పక్షి మీద ఆ పందెం కాయను.

20 గేజ్ దగ్గరికి వస్తే, నాది గ్యాస్‌తో నడిచే సెమీ ఆటోమేటిక్ (పేలినప్పటి గ్యాస్‌తో తర్వాతి తూటాని తనే ఎక్కించుకునేది), ఆరున్నర పౌన్లు. మూడంగుళాల టీఎస్ఎస్ తూటాలో ఒకటిన్నర ఔన్సు, అంటే 540 పైగా గుళ్లు. 40 గజాల దగ్గర వృత్తం నిండిపోతుంది, గురి కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. కొత్తవాళ్ళకి ఇదే చెప్పడానికి కారణం ఆ సర్దుబాటే. పైగా రెండో తూటా సిద్ధంగా ఉంటుంది. మిస్సోరీలో ఎలాగూ తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టకూడదు.

అయితే 20 అనగానే భుజానికి సుఖం అనుకోకండి. ఒకటిన్నర ఔన్సు ఎక్కడినుంచి బయల్దేరినా ఒకటిన్నర ఔన్సే. తేలికపాటి పంపు తుపాకీలో ఆ తూటా కాల్చి చూశాను, 12 గేజ్‌లా తన్నింది. గ్యాస్ తుపాకీ ఆ తన్నుని కొంత మింగుతుంది. పంపే కొనాలనుకుంటే తక్కువ బరువు నింపిన తూటా వాడండి, 40 గజాల లోపు అది చాలు. 28 గేజ్ కూడా ఈ మధ్య బాగా వస్తోంది. ఒక మిత్రుడిది వాడి చూశాను, హాయిగా ఉంది, కానీ మా ఊరి షాపుల్లో దాని టర్కీ తూటాలు దొరకడం కష్టం.

ఖర్చు మాట. టీఎస్ఎస్ ఐదు తూటాల డబ్బాలో వస్తుంది, ఒక్కోటి దాదాపు పది డాలర్లు పడేది. 2025 ఫిబ్రవరిలో చైనా టంగ్‌స్టన్ ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత ధర ఇంకా మంట. "కోడి కన్నా తూటా ఖరీదు" అని మా ఆవిడ దెప్పడంలో అబద్ధం లేదు. అందుకే రెడ్ డాట్‌ని ముందు చవక సీసం తూటాలతో దారికి తెస్తాను. చివర్లో మాత్రం 20, 30, 40 గజాల్లో అసలు తూటాతో పెద్ద కాగితం మీద కాల్చి తీరాలి. సీసం పడ్డచోటే టంగ్‌స్టన్ పడుతుందన్న హామీ లేదు. బ్రాండు మారిస్తే మళ్ళీ మొదటినుంచి.

టంగ్‌స్టన్ గుండు చాలా గట్టిది కాబట్టి చోక్ తయారీదారు ఒప్పుకున్న తూటాయే వాడాలి. తాతల నాటి తుపాకుల్లో దీన్ని పెట్టకండి. ఇంట్లో 12, 20 రెండూ ఉన్నవాళ్ళు తూటాలని వేరు వేరు సంచుల్లో పెట్టుకోవాలి. 20 గేజ్ తూటా పసుపు రంగులో ఉండేది ఊరికే కాదు. పొరపాటున 12లో వేస్తే అది జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, వెనక ఇంకోటి పెట్టి పేలిస్తే బ్యారెల్ పగులుతుంది. వేరే రాష్ట్రానికి వెళ్తుంటే అక్కడి నియమాల పుస్తకం చూడండి. మిస్సోరీలో 10 గేజ్, అంతకన్నా చిన్నవి అన్నీ సరే, గుండు 4 నంబరు కన్నా లావుగా ఉండకూడదు. అన్ని చోట్లా .410ని ఒప్పుకుంటారని అనుకోవద్దు.

వంటింటి సంగతి ఒకటి. గురి తలకే అయినా, మెడ మొదట్లో, రొమ్ము పై అంచులో ఒకటో రెండో గుళ్లు ఉండిపోతాయి. సీసమైతే పంటి కింద నలుగుతుంది, టంగ్‌స్టన్ నలగదు, పన్నే విరుగుతుంది. ఆ భాగాన్ని పల్చగా కోసి వేళ్ళతో తడిమి చూశాకే పులుసులోకి వేస్తాం. కాళ్ళ కండ మాత్రం ప్రెషర్ కుక్కర్‌కి కూడా తేలిగ్గా లొంగదు, దానికి గేజ్‌తో సంబంధం లేదు.