పెద్ద సంఖ్యను విడగొట్టాలంటే ఏది మేలు: వరస భాగహారమా, వర్గాల తేడానా?

2,02,76,51,281. ఇది ప్రధాన సంఖ్యేనా? కాకపోతే దేన్ని దేంతో గుణిస్తే వచ్చింది? చేతిలో కాగితం, పెన్ను తప్ప ఏమీ లేవనుకుందాం.

బడిలో నేర్చుకున్న దారి ఒకటుంది. 2, 3, 5, 7, 11 అంటూ ప్రధాన సంఖ్యలతో వరసగా భాగిస్తూ పోవడం. వర్గమూలం దాకా, అంటే ఇక్కడ 45,029 దాకా చూస్తే చాలు. చాలు అనేశాం గానీ, ఈ సంఖ్యకున్న చిన్న కారణాంకమే 44,021. అక్కడికి చేరేసరికి దాదాపు నాలుగున్నర వేల భాగహారాలు! అంత ఓపిక ఎవరికుంటుంది?

రెండో దారిని ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా 1640ల్లో చూపించాడు. ఈ సంఖ్య ఆయన ఇచ్చిన ఉదాహరణే. రెండు వర్గాల తేడా అంటే ఆ రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి తేడాతో గుణించడమే కదా. కాబట్టి మన సంఖ్యను వర్గాల తేడాగా రాయగలిగితే పని అయిపోయినట్టే.

వర్గమూలం దాటాక వచ్చే మొదటి సంఖ్య 45,030. దాని వర్గంలోంచి మన సంఖ్యను తీసేస్తే 49,619. ఇది వర్గమా? వర్గమూలం కట్టక్కర్లేదు. బేసి వర్గంలో పదుల స్థానంలో ఎప్పుడూ సరి అంకే ఉంటుంది. ఇక్కడ 1 ఉంది, కొట్టేయొచ్చు. తర్వాత 45,031. మళ్లీ వర్గం చేసే పని లేదు, పాత తేడాకు 90,061 (అంటే 45,030, 45,031ల మొత్తం) కలిపితే 1,39,680. ఒంటి సున్నాతో ముగిసే వర్గం ఉండదు, ఇదీ కాదు. ఆపైన 90,063, 90,065 ఇలా కలుపుకుంటూ పోవడమే. మధ్యలో 4,99,944 ఒక్కటే కాస్త ఆశ పెడుతుంది గానీ, అది 707 వర్గం కన్నా 95 ఎక్కువ. పన్నెండో మెట్టులో, 45,041 దగ్గర, 10,40,400 వస్తుంది. అది 1,020 వర్గం! 45,041లోంచి 1,020 తీస్తే 44,021, కలిపితే 46,061. అవే కారణాంకాలు.

నాలుగున్నర వేలెక్కడ, పన్నెండెక్కడ? అయితే ఫెర్మా పద్ధతే మేలా? తొందరపడొద్దు. 4,29,49,67,297 తీసుకోండి. 2ను 32సార్లు గుణించి 1 కలిపితే వచ్చేది. ఇది ప్రధాన సంఖ్యేనని నమ్మింది కూడా ఫెర్మానే. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని తేల్చాడు. 641 ప్రధాన సంఖ్యల వరసలో 116వది, అంటే మామూలు భాగహారంతోనే ఒక పూటలో తేలిపోయే లెక్క. ఫెర్మా పద్ధతిలో పోతే 32 లక్షల మెట్లు దాటాలి, ఎందుకంటే రెండో కారణాంకం 67,00,417. రెండూ ఎంత దూరంగా ఉంటే ఆ పద్ధతి అంత నీరసం.

అసలు సంఖ్య గుణం ముందే తెలిస్తే ఈ రెంటినీ మించిన దారి దొరుకుతుంది. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని నిరూపించవచ్చు. అప్పుడు మిగిలేవి 193, 257, 449, 577, 641. ఐదో భాగహారంలో దొరికిపోతుంది.

ఏ గుణమూ తెలియని సంఖ్య ఎదురైతే నా ఓటు ముందు భాగహారానికే. వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలన్నీ చూసేసి, అప్పటికీ లొంగకపోతే ఫెర్మా మెట్లు ఓ ఇరవై ఎక్కి చూడాలి. చివరి అంకెలు చూసి చాలావాటిని కొట్టేయొచ్చు కాబట్టి ఆ ఇరవైకి పెద్ద ఖర్చేమీ ఉండదు. ఆర్‌ఎస్‌ఏ అనే డిజిటల్ తాళాల్లో (కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని రహస్యంగా ఉంచేవి) వాడే, రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే వచ్చే వందల అంకెల సంఖ్యల ముందు భాగహారం ఎలాగూ చేతులెత్తేస్తుంది. కానీ ఆ రెండు ప్రధాన సంఖ్యలను మరీ దగ్గర దగ్గరగా ఎంచుకుంటే ఫెర్మా పద్ధతి చిటికెలో విప్పేస్తుంది. 2022లో కొన్ని ప్రింటర్ల తాళాలు సరిగ్గా ఇలాగే బయటపడ్డాయి.