పేస్లిప్ చదివి చెప్పే షాపు: నాలుగు స్టార్లు, ఒకటి కోసేశాను

విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్ళిపోయేంత దూరంలో మేడ మీద ఒక గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకి ఆనించిన బల్ల, మెట్ల మీద చెప్పులు. ఆ చెప్పులు లెక్కెట్టుకుంటే చాలు లోపల ఎంతమంది మాస్టార్లు ఉన్నారో తెలిసిపోద్ది. బోర్డు మీద జెరాక్స్, ఆన్‌లైన్ పనులు అని ఉంటది గాని వచ్చేది మాత్రం దాదాపు అందరూ టీచర్లే. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్, పేస్లిప్, ఏపీజీఎల్ఐ (జీతంలో కోసే గవర్నమెంటు ఇన్సూరెన్స్), వాడని సెలవులు అమ్ముకునే సరెండర్ లీవు లెక్క, జీతం తాలూకు ఏ తలనొప్పైనా ఇక్కడికే మోసుకొస్తాం. షాపు పేరు రాయట్లేదు, ఎందుకో కిందకి చదివితే మీకే తెలుస్తుంది.

నేను గుర్ల వైపు ఒక ఊళ్ళో ఎస్జీటీని, అంటే చిన్న క్లాసుల టీచర్ని, 2012 డీఎస్సీ (టీచర్ పోస్టుల పరీక్ష) బ్యాచ్. చేరినప్పుడు మా స్కేలు మొదలు 10,900, తర్వాత పీఆర్సీలో, అంటే జీతాలు సవరించినప్పుడు, అది 21,230 అయింది, 2022 పీఆర్సీలో 32,670 అయింది. అయిదో తరగతికి లెక్కలు చెప్తాను. అలాంటిదాన్ని నా జీతం కాయితం నాకే అర్థం కాక ఇంకొకరికి డబ్బులిచ్చి చదివించుకుంటున్నానంటే నవ్వొచ్చే మాటే, మా ఆయన నెలనెలా నవ్వుతాడు. కానీ మీరు ఎప్పుడైనా ఆ స్లిప్పు చూశారా? ఎడం పక్క వచ్చేవి, కుడి పక్క పోయేవి, మధ్యలో పొట్టి అక్షరాలు, అరియర్స్ (పాత బకాయిలు) పడిన నెలైతే దేవుడే దిక్కు.

మొన్న డిసెంబర్లో వెళ్ళింది నా పనికి కాదు. మా స్కూలుకి కొత్తగా వచ్చిన అమ్మాయిని తీసుకెళ్ళాను. 2025 మెగా డీఎస్సీలో కొట్టింది, మొత్తం 16,347 పోస్టులు. ఉద్యోగం వచ్చిందని పైడితల్లమ్మకి మొక్కు కూడా తీర్చేసింది, జీతం మాత్రం వెంటనే రాలేదు, ఆ ఐడీ రావాలి ఈ నంబర్ రావాలి అని తిప్పి తిప్పి చివరికి పడింది. పడ్డాక ఇంకో గొడవ. ఊళ్ళో అందరూ నీ కూతురికి యాభై వేలంట కదా అంటుంటే నెలకి అకౌంట్లోకి వచ్చింది నలభై మూడు వేల చిల్లర. వాళ్ళమ్మ "మిగతాయి ఏటి చేసినావే" అని అడిగిందట. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టుకుని నాకు చెప్తే సరే పద అని ఇక్కడికి తీసుకొచ్చాను.

షాపాయన కంప్యూటర్ ముట్టుకోలేదు. ఎవరిదో పాత హాల్ టికెట్ జెరాక్స్ వెనక్కి తిప్పి పెన్ను తీశాడు. బేసిక్ 32,670. డీఏ (కరువు భత్యం) 37.31 శాతం, 12,189. హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) పది శాతం, 3,267. కూడితే 48,126. కింద గీత గీసి "ఇక్కడిదాకా మీ ఊరోళ్ళ లెక్కమ్మా, ఇక్కడ్నుంచి మన లెక్క" అన్నాడు. బేసిక్, డీఏ రెండూ కలిపి అందులో పదో వంతు సీపీఎస్‌కి, అంటే రిటైరయ్యాక పెన్షన్ కోసం దాచేదానికి, 4,486. ప్రొఫెషనల్ టాక్స్ 200. తర్వాత హెల్త్ కార్డుకి, జీఐఎస్‌కి (గ్రూప్ ఇన్సూరెన్స్) కొంచెం కొంచెం. ఏపీజీఎల్ఐ ఇంకా మొదలవలేదు, మొదలైతే చేతికొచ్చేది ఇంకా తగ్గుద్ది, అది కూడా ఇప్పుడే చెప్పేస్తున్నా మళ్ళీ వచ్చి ఏడవకు అన్నాడు. ఏడాది తిరిగితే ఇంక్రిమెంట్ 920, అదీ పక్కన రాసి చుట్టూ సున్నా చుట్టాడు.

ఆ అమ్మాయి ఊరుకోలేదు, నేను ఉండేది విజయనగరంలో కదా సార్, ఇక్కడ హెచ్ఆర్ఏ 16 శాతం ఇస్తారంట కదా, రెండు గదులకి 6,500 కడుతున్నాను అంది. ఆయన పెన్ను పక్కన పెట్టి "నువ్వు పడుకునే ఊరుతో పని లేదమ్మా, నువ్వు పాఠం చెప్పే ఊరే లెక్క" అన్నాడు. పదమూడేళ్ళుగా నాకు ఎవరూ ఇంత శుభ్రంగా చెప్పలేదు, ఆఫీసులో అడిగితే రూల్ అంతేనండి అంటారు అంతే.

అక్కడే బల్ల మీద ఒక రిటైర్డ్ మాస్టారు కూర్చున్నారు, పెన్షన్ స్లిప్పు ప్రింట్ కోసం వచ్చారు. ఈ కబుర్లు విని ఆగలేకపోయారు. "మేం 398 రూపాయలకి చేరాం తల్లీ, స్పెషల్ టీచర్లం, నెలకి 398, మీకు 48 వేలు చాలట్లేదా" అన్నారు. ఆ 398 సంగతి మా పాత టీచర్లందరి నోటా విన్నాను, ఆ సర్వీసుని కూడా లెక్కలోకి తీసుకుని ఇచ్చే నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం వాళ్ళు ఎన్నేళ్ళు తిరిగారో కూడా విన్నాను, కాబట్టి నేనేం అనలేదు. షాపాయనే మెల్లగా, మాస్టారూ మీరు 2004 సెప్టెంబర్‌కి ముందే చేరిపోయారు, మీకు పాత పెన్షన్, ఈ అమ్మాయికి ఆ పెన్షన్ లేదు కదండీ అన్నాడు. మాస్టారు కాసేపు స్లిప్పు చూసుకుని ప్రింట్ సరిగ్గా రాలేదు ఇంకోటి తియ్యి అన్నారు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది రాయాలా వద్దా అనుకున్నాను. మా తర్వాత ఒకాయన వచ్చారు, 98 డీఎస్సీ ఆయన. పరీక్ష రాసింది 1998లో, ఉద్యోగంలోకి తీసుకుంది 2023లో, అదీ కాంట్రాక్టు మీద మినిమం టైం స్కేలు, అంటే స్కేలులో అడుగు జీతం. మేం చెప్పే క్లాసే చెప్తారు, మేం దిద్దే పుస్తకాలే దిద్దుతారు, జీతం మాత్రం ఉత్త బేసిక్, డీఏ లేదు హెచ్ఆర్ఏ లేదు. కూతురి చదువు లోను కోసం బ్యాంకులో జీతం కాయితం అడిగారట. షాపాయన ప్రింట్ తీసిచ్చి డబ్బులు తీసుకోలేదు, "ఒక్క లైనుకి ఏం తీసుకుంటాం మాస్టారూ" అన్నాడు. అందరం నవ్వేశాం, ఆయనా నవ్వారు, నవ్వడం అయ్యాక ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు, ఫ్యాన్ చప్పుడే వినపడింది.

సర్వీసు సంగతికి వస్తే, రెండో కంప్యూటర్ మీద కూర్చునే అమ్మాయి ఈ షాపుకి ప్రాణం. టైపింగ్ చూస్తే కళ్ళు తిరుగుతాయి, మన ఫారం 16 (ఏడాది జీతం, టాక్స్ కాయితం) చూసి ఏది ఎక్కడ వెయ్యాలో మనం చెప్పక్కర్లేదు. డీఎడ్ చేసింది. ఇంతకుముందు ఒక ప్రైవేట్ స్కూల్లో మూడో తరగతికి చెప్పేదట, 8,000 ఇచ్చేవారట, అదీ పది నెలలకే, ఎండాకాలం జీతం ఉండదు గాని ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి, తేకపోతే జూన్‌లో రావద్దంటారు. ఇక్కడ తొమ్మిది వేలు ఇస్తున్నారు, పన్నెండు నెలలూ ఇస్తున్నారు మేడం అంది, అదేదో ప్రమోషన్ అన్నట్టు. డీఎస్సీలో పరీక్ష 80 మార్కులకి, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ 20, తనకి టెట్‌లో తక్కువొచ్చి అక్కడ ఉద్యోగం పోయిందట. కీబోర్డు కింద సైకాలజీ నోట్సు పెట్టుకుంటుంది, ప్రింటర్ లోపల పేజీలు కదిలేలోగా ఒక పేరా చదివేస్తుంది. నా పక్కనున్న కొత్త టీచరమ్మదీ ఈ అమ్మాయిదీ ఒకటే వయసు, ఇంచుమించు ఒకే చదువు. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు గాని మాట్లాడుకోలేదు.

రేట్లు ఎక్కువేం కాదు. స్లిప్పు ప్రింట్ 10, ఎస్జీటీ రిటర్న్ 300, అరియర్స్ ఉంటే 500, ఇలా కూర్చోబెట్టి లెక్క చెప్పినందుకు అడగరు, మనమే యాభయ్యో వందో పెడతాం. ఇన్‌కమ్ టాక్స్ కొత్త రిజీమ్‌లో 12 లక్షల దాకా టాక్స్ లేకుండా చేశాక మాలాంటి ఎస్జీటీలకి కట్టేది లేదు, రిటర్న్ వెయ్యడమే పని, అయినా జూలైలో మెట్ల దాకా లైను ఉంటది. గోడ మీద చేత్తో రాసిన కాయితం ఒకటి అంటించారు, "కొత్త పీఆర్సీ లెక్కలు అడగవద్దు, వచ్చాక చెప్తాం" అని. 12వ పీఆర్సీ 2023 జూలై నుంచి రావాలి కదా, ఆ కాయితం అంచులు పసుపు రంగుకి తిరిగిపోయాయి.

ఇప్పుడు స్టార్ ఎందుకు కోశానో చెప్తాను. రెండేళ్ళ కిందట నాకు పాత డీఏ అరియర్స్ పడ్డాయి, దానికి 10ఈ ఫారం ముందు ఎక్కించి తర్వాత రిటర్న్ వెయ్యాలి, అప్పుడే పాత ఏళ్ళ డబ్బు ఒకేసారి పడినందుకు టాక్స్‌లో రిలీఫ్ ఇస్తారు. వీళ్ళు ఆ రష్‌లో 10ఈ మర్చిపోయి రిటర్న్ వేసేశారు. నాలుగు నెలలకి నాకు నోటీసు, రిలీఫ్ చెల్లదు డబ్బు కట్టు అని. రాత్రంతా నిద్ర లేదు, జైల్లో పెడతారేమో అనుకున్నాను నిజంగా. పొద్దున్నే వెళ్తే ఆయన తప్పు ఒప్పుకున్నాడు, సరిచేసి పెట్టాడు, నా ఫీజు వెనక్కిచ్చాడు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ సారీ మేడం అంటే పోయే భయమా అది?

దానికంటే పెద్దది ఆ పొడుగు నోటుబుక్కు. మండలం వారీగా టీచర్ల పేర్లు, ఐడీలు, పక్కనే పాస్‌వర్డులు, బల్ల మీద తెరిచే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. నేను చదివాను కూడా, చాలామందిది ఊరి పేరు, తర్వాత 123. ఇంక క్లాసులో ఉండగా ఫోన్ చేసి మేడం ఓటీపీ వచ్చిందా చెప్పండి అంటారు, మా రెండో తరగతి పిల్లలకి కూడా ఓటీపీ అంటే ఏంటో తెలిసిపోయింది.

కొత్తమ్మాయి ఆ లెక్క కాయితాన్ని ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపించింది. మెట్లు దిగేలోగా వాయిస్ మెసేజ్ వచ్చీసింది, "అయితే ఆ నాలుగు వేల నాలుగొందలు ఎప్పుడిచ్చీస్తారంట?" అని. పైకి ఎక్కి ఆయన్నే అడిగాం. అరవై రెండో ఏట అని చెప్పమ్మా అన్నాడు.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం అయిదు దాటాక వెళ్ళండి, చిల్లర పట్టుకెళ్ళండి, 10ఈ ఎక్కించారా అని రెండుసార్లు అడగండి. పాస్‌వర్డ్ మార్చుకోండి. నేను మొన్ననే మార్చేశాను. కొత్తది కూడా ఆయనే పెట్టాడనుకోండి.