మోర్మన్లు, కాథలిక్కులు: ఎవరి బాప్తిస్మం ఎక్కడ చెల్లుతుంది?

"అసలైన సంఘం మాదే" అన్న మాట కాథలిక్కుల దగ్గరా, 19వ శతాబ్దంలో అమెరికాలో పుట్టిన మోర్మన్ సంఘంలోనూ వినిపిస్తుంది. తేడా బాప్తిస్మం దగ్గర తేలుతుంది.

కాథలిక్కుల లెక్కలో నీళ్లు, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామం, సరైన ఉద్దేశం ఉంటే చాలు. ఇచ్చింది లూథరన్ పాస్టరైనా చెల్లుతుంది, మళ్లీ ఇవ్వరు. మోర్మన్లకు యాజకత్వ అధికారమే, అంటే దేవుడి పేరున సంస్కారాలు జరిపే హక్కే కీలకం. లోకంలో లేకుండా పోయిన ఆ అధికారం 1829లో తమ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కు తిరిగి దక్కిందని వాళ్ల నమ్మకం. అందుకే వేరే సంఘంలో మునిగినవారు మళ్లీ మునగాల్సిందే. ఎనిమిదేళ్లు నిండాలి, నిర్ణీత మాటలే పలకాలి. ఇద్దరు సాక్షులు కళ్లప్పగించి చూస్తారు; కాలి వేలో, బట్ట అంచో పైకి తేలిందా, మళ్లీ మొదటికే.

తమాషా ఏమిటంటే, 2001లో వాటికన్ కూడా మోర్మన్ బాప్తిస్మం చెల్లదంది. పలికే నామాలు అవే, ఆ ముగ్గురికి, అంటే త్రిత్వానికి, చెప్పే అర్థమే వేరు.

అలాగని మోర్మన్లు మిగతా అందరినీ నరకానికి పంపేస్తారనుకుంటే పొరపాటు. వాళ్ల పరలోకంలో మూడు మహిమా రాజ్యాలున్నాయి. నమ్మకపోయినా మంచిగా బతికినవారికి మధ్యదైనా దక్కుతుంది. పైగా చనిపోయినవారి పేరున బతికున్నవారు దేవాలయంలో మునుగుతారు. ఒప్పుకోవడం, మానడం ఆ ఆత్మ ఇష్టం. ఇది నచ్చకే 2008లో వాటికన్, చర్చి రిజిస్టర్లలోని పేర్లు ఇలా వాడకుండా, వాటిని మోర్మన్ల వంశావళి సంస్థకు ఇవ్వొద్దని బిషప్పులకు చెప్పింది.