సోలమన్ గనులా, కోర్ రాణీనా, కాఫిరిస్తాన్ కిరీటమా: ఏది ముందు చదవాలి?

పౌర్ణమి వెన్నెల కాసిన మర్నాడే సూర్యగ్రహణం పట్టిందని చెబితే, గోడకి పంచాంగం క్యాలెండర్ వేలాడే ఇంట్లో పెరిగిన పిల్లలు కూడా నవ్వుతారు. సూర్యగ్రహణం పట్టేది అమావాస్యకి కదా! 1885లో లండన్‌లో అచ్చయిన 'కింగ్ సోలమన్స్ మైన్స్' మొదటి ముద్రణలో ఇదే తప్పు ఉంది. ఎక్కడో కొండల అవతల దాగిన కుకువానా రాజ్యంలో ముగ్గురు తెల్లవాళ్లు, తాము నక్షత్రాల నుంచి దిగి వచ్చామని నమ్మించడానికి సూర్యుణ్ని ఆర్పేస్తామంటారు. సూర్యుడు ఆరిపోతాడు కూడా. తిథి కుదరలేదని తెలిశాక రచయిత హెన్రీ రైడర్ హ్యాగర్డ్ తర్వాతి ముద్రణల్లో దాన్ని చంద్రగ్రహణం చేసేశాడు. ఈలోపు పుస్తకం మాత్రం ఆగలేదు. మొదటి ఏడాదిలోనే 31,000 కాపీలు పోయాయి.

సెలవులకి వచ్చిన మా మేనల్లుడికి ఈ సంగతి చెబితే వాడు నవ్వి ఊరుకోలేదు. "మామయ్యా, ఇండియానా జోన్స్ సినిమాలకి తాతల్లాంటి నవలలంటావుగా, వాటిలో ఒక్కటే చదువుతా. ఏది చదవమంటావ్?" అన్నాడు. ఒక్కటే అనేసరికి ఇరుకున పడ్డాను.

విక్టోరియా రాణి కాలం నాటి ఈ దాగిన రాజ్యాల కథల్లో, నా లెక్కలో పోటీ మూడింటి మధ్య. ఒకటి ఈ సోలమన్ గనులు, అంటే బైబిల్ రాజు సోలమన్‌వని చెప్పుకునే గనుల కథ. రెండోది అదే హ్యాగర్డ్ రాసిన 'షీ', 1887లో పుస్తకంగా వచ్చింది. మూడోది కిప్లింగ్ 1888లో రాసిన 'ది మ్యాన్ హూ వుడ్ బి కింగ్'. ఇది నవల కాదు, పెద్ద కథ. డైనోసార్లున్న 'ది లాస్ట్ వరల్డ్' పేరు వాడే ఎత్తాడు గానీ, అది 1912 నాటిది. విక్టోరియా రాణి 1901లోనే పోయింది. ఆ సరుకు ఈ బుట్టలోది కాదు.

ముందు గనుల సంగతి. హ్యాగర్డ్ పందొమ్మిదేళ్ల వయసులో, 1875లో, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి గవర్నర్ దగ్గర పనికి వెళ్లాడు. కొన్నేళ్లు అక్కడే ఉండి, చివర్లో నిప్పుకోళ్లు కూడా పెంచి ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. అప్పట్లో స్టీవెన్‌సన్ నిధివేట నవల 'ట్రెజర్ ఐలాండ్' అంటే జనం పడి చస్తున్నారు. అందులో సగం బాగున్నది కూడా నువ్వు రాయలేవని సొంత అన్నే ఎగతాళి చేస్తే, పందెం కట్టి కొద్ది వారాల్లో రాసి పారేశాడు. ప్రచురణకర్త రెండు బేరాలు ముందు పెట్టాడు: హక్కులన్నీ ఇచ్చేసి 100 పౌండ్లు ఒక్కసారిగా తీసుకోవడం, లేదా అమ్మకాల మీద రాయల్టీ. హ్యాగర్డ్ వంద తీసుకునేవాడే. గదిలో ఓ మూల కూర్చున్న గుమస్తా, అయ్యగారు బయటికెళ్లిన సందు చూసి, రాయల్టీ తీసుకోండని చెవిలో వేశాడట. ఆ గుమస్తా మాట వినడం ఎంత మంచిదైందో పైన చెప్పిన 31,000 చూస్తే తెలుస్తుంది.

కథ సూటిగా నడుస్తుంది. ఆలన్ క్వార్టర్‌మెయిన్ అనే ముసలి వేటగాడి దగ్గర పాత పటం ఒకటి ఉంటుంది. 1590లో ఓ పోర్చుగీసువాడు చలికి చచ్చిపోతూ, సిరా లేక తన రక్తంతో, ఎముక ముక్కని కలంగా చేసుకుని, బట్ట మీద గీసిన పటం. ఎడారి దాటాలి, జంట కొండలు ఎక్కాలి, అవతల రాజ్యం, దాని చివర వజ్రాల గది. మన కథలకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. మనం 'అనగనగా ఒక రాజ్యం' అని మొదలుపెడతాం, మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందంటాం, ఏ సముద్రం అని ఎవరూ అడగరు. వీళ్లు ఏ తుపాకీ, ఎన్ని తూటాలు, ఎన్ని నీళ్ల సీసాలు, ఎంత దూరం అన్నీ చెబుతారు. అబద్ధాన్ని బిల్లులతో సహా చూపిస్తారన్నమాట. ఆ బిల్లులు చూసే మనం పడిపోతాం. నూట నలభై ఏళ్ల తర్వాత కూడా ఈ నవలలు నిలబడ్డాయంటే సగం కారణం ఇదే.

మిగతా సగం నవ్వు. కుకువానా సైనికులు మొదటిసారి ఎదురుపడే చోట, కెప్టెన్ గుడ్ అనే నీటుగాడు ప్యాంటు విప్పి పక్కన పెట్టి గడ్డం గీసుకుంటూ ఉంటాడు. ఒక వైపు గీశాడు, రెండో వైపు అలాగే ఉంది. ప్రాణాలు పోయేలా ఉన్న సమయంలో ఆ కంగారులో అతని కట్టుడు పళ్లు కదులుతాయి. పళ్లు ఊడి మళ్లీ వచ్చే మనిషంటే దేవుడే అయ్యుండాలని సైనికులు వణికిపోతారు. దాంతో ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ పాపం గుడ్‌కి తెల్లటి ఉత్త కాళ్లతో, సగం గడ్డంతోనే తిరగక తప్పదు. నేను మొదటిసారి ఇది చదివింది హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీలో. బస్సులో గట్టిగా నవ్వితే పక్కాయన అదోలా చూశాడు.

ఇక 'షీ'. దీనికి హడావిడి తక్కువ, బరువు ఎక్కువ. కేంబ్రిడ్జ్‌లో ఓ ప్రొఫెసర్ టైపు మనిషి, అతను పెంచిన అందగాడు లియో, ఆ కుర్రాడికి పాతికేళ్లు నిండాకే తెరవమని తండ్రి వదిలి వెళ్లిన ఇనప్పెట్టె. అందులో ఒక కుండ పెంకు. ఆ పెంకు మీద రాతలని గ్రీకులో, లాటిన్‌లో, పాత ఇంగ్లీషులో పేజీల కొద్దీ పోస్తాడు హ్యాగర్డ్. మొహమాటం లేకుండా దాటేయండి, కథకి నష్టమేమీ లేదు. ఆఫ్రికా తీరం, జ్వరాల చిత్తడి నేలలు దాటాక కోర్ అనే చచ్చిపోయిన నగరం వస్తుంది. అక్కడ రెండు వేల ఏళ్లకి పైగా బతికి ఉన్న రాణి ఆయేషా, మేలిముసుగు వెనక, పోయిన ప్రియుడు మళ్లీ పుడతాడని ఎదురుచూస్తూ ఉంటుంది. పునర్జన్మ కథలు మనకి కొత్తేం కాదు కాబట్టి అక్కడ ఇంగ్లీషువాళ్లు పడినంత ఆశ్చర్యం మనం పడం. ఒళ్లు జలదరించే చోట్లు వేరే ఉన్నాయి. కోర్ పరిసరాల జనం ఓ రాత్రి విందు చేసుకుంటూ, వెలుతురు కోసం వేల ఏళ్ల నాటి మమ్మీలని దివిటీల్లా నిలబెట్టి వెలిగిస్తారు. చివరికి ఆయేషా, తనకి అంత ఆయుష్షు ఇచ్చిన అగ్నిస్తంభంలోకి రెండోసారి నడిచినప్పుడు జరిగేది చెప్పను. చదివిన పాతికేళ్లకి కూడా నాకు కళ్లకి కట్టినట్టే ఉంది. మనోవిశ్లేషణకి ఆద్యుడు ఫ్రాయిడ్ అంతటివాడు కలల మీద రాసిన పుస్తకంలో ఈ నవల ప్రస్తావన తెచ్చాడంటే ఊరికే కాదు. కానీ ఒప్పుకోవాలి, మధ్యలో ఆయేషా ఉపన్యాసాలు మొదలుపెడితే ఆగదు. రెండు వేల ఏళ్లు మాట్లాడేవాళ్లు లేక ఉండిపోయిందని సరిపెట్టుకోవాలి.

కిప్లింగ్ కథ మన రైల్లోనే మొదలవుతుంది, అజ్మీర్ నుంచి మౌ వెళ్లే దారిలో, ఇంటర్మీడియట్ క్లాసు పెట్టెలో. అచ్చయింది కూడా అలహాబాద్‌లో, వీలర్ కంపెనీ స్టేషన్లలో అమ్మిన రూపాయి పుస్తకాల్లో. మన వైపు స్టేషన్లలో హిగ్గిన్‌బాథమ్స్ ఎలాగో, ఉత్తరాదిన వీలర్ అలాగ. రాసేనాటికి కిప్లింగ్‌కి ఇరవై రెండేళ్లు. ఇద్దరు తెల్ల దేశదిమ్మరులు, డ్రావట్, కార్నెహన్, ఇప్పటి అఫ్ఘానిస్తాన్ కొండల్లోని కాఫిరిస్తాన్‌కి వెళ్లి రాజులం అవుతామని కాగితం మీద ఒప్పందం రాసుకుంటారు. రాజులయ్యేదాకా మందు, మగువ ముట్టకూడదని అందులో షరతు. ఒకడు పిచ్చి సాధువు వేషం వేసి, మట్టి బొమ్మలు, గాలిమరల కింద ఇరవై తుపాకులు దాచి, ఒంటెల మీద బయలుదేరతాడు. నిజంగానే రాజులవుతారు, దేవుళ్లవుతారు. పెళ్లికూతురు భయంతో డ్రావట్‌ని కొరికేదాకా. రక్తం వచ్చింది. దేవుడికి రక్తం రాదు కదా!

మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా కనిపించేది చివర్లో. దాగిన రాజ్యం తలుపు ఎవరు మూస్తారు? 'షీ'లో ఎవరూ మూయరు, రాణి పోతుంది, కథ అక్కడితో అయిపోతుంది. కిప్లింగ్‌లో జనమే తాళ్ల వంతెన తెగ్గొట్టి డ్రావట్‌ని లోయలోకి పంపిస్తారు. గనుల నవలలో మాత్రం కొత్త రాజు ఇగ్నోసీ, తనకి సింహాసనం ఇప్పించిన తెల్ల స్నేహితులకే ముఖం మీద చెబుతాడు: ఇక ఏ తెల్లవాడూ ఈ కొండలు దాటి రాకూడదు, తుపాకుల వ్యాపారులూ వద్దు, సారా వద్దు, ప్రార్థనలు చెప్పేవాళ్లూ వద్దు. సామ్రాజ్యానికి జెండా ఎత్తిన మనిషి చేతి నుంచి ఆ మాటలు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ వింతే. అదే నవలలో ఫౌలాతా అనే నల్ల అమ్మాయి తెల్లవాణ్ని ప్రేమించినందుకు, పెళ్లి గొడవ రాకుండా రచయిత ఆమెని చంపేస్తాడు. ఏనుగుల్ని సరదాకి కాల్చడం కూడా ఉంది. ఈ రెండూ మింగుడు పడవు, పడాలని నేను చెప్పను.

బయట జరిగింది ఇంకో కథ. ఇగ్నోసీ మాట ఎవరూ వినలేదు. 1890లో సెసిల్ రోడ్స్ అనే బ్రిటిష్ వ్యాపారి కంపెనీ దళం ఇప్పటి జింబాబ్వేలోకి దిగింది. అక్కడి గ్రేట్ జింబాబ్వే రాతికట్టడాల్ని 1871లో చూసిన కార్ల్ మౌఖ్ అనే జర్మన్, గుమ్మం చెక్క ముక్క వాసన చూసి, తన పెన్సిల్ చెక్కలాగే ఉంది కాబట్టి లెబనాన్ దేవదారు అనుకుని, ఇది బైబిల్లో సోలమన్‌ని చూడవచ్చిన షేబా రాణి కట్టించిందే అని తేల్చేశాడు. నల్లవాళ్లు ఇంత కట్టగలరని నమ్మడం తెల్లవాళ్లకి ఇష్టం లేదు. 1905లో ర్యాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తవ్వి చూసి, ఇది ఆఫ్రికావాళ్ల కట్టడమేనని తేల్చారు. అయినా రొడీషియా (ఆ దేశానికి రోడ్స్ పేరు మీద తెల్లవాళ్లు పెట్టిన పేరు) ప్రభుత్వం చాలాకాలం ఆ మాట మింగేయాలనే చూసింది. 1980లో స్వతంత్రం వచ్చాక దేశం ఆ రాళ్ల పేరే పెట్టుకుంది. కాఫిరిస్తాన్ సంగతీ అంతే. 1895-96లో కాబూల్ అమీర్ సైన్యం గెలిచి, మతం మార్పించి, నూరిస్తాన్ అని పేరు పెట్టింది.

ఇలాంటి కథలో మనమూ ఒకప్పుడు పాత్రలమే. మార్కో పోలో మోటుపల్లి గురించి రాసింది చూడండి: భర్త పోయాక రాణి ఏలుతున్న దేశం, పాములున్న లోయల నిండా వజ్రాలు, మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలని గద్దలు పైకి తెస్తాయట. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులంటారు. సోలమన్ గనీ, ఆయేషా సింహాసనం రెండూ ఒకేచోట! కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి రైతులు ఇప్పటికీ తొలకరి పడగానే వజ్రాలు వెతుక్కోవడానికి చేలల్లోకి వచ్చే జనాన్ని చూస్తూనే ఉన్నారు, టార్చిలైట్లతో, టిఫిన్ డబ్బాలతో. గద్దలు మాత్రం లేవు.

సరే, తీర్పు. గంటన్నర మాత్రమే తీరిక ఉంటే కిప్లింగ్. రాతలో మూడింటిలో అదే పదునైనది. ఒక్క బొమ్మ జీవితాంతం వెంటాడాలంటే 'షీ', కాకపోతే ఓపిక కావాలి. మేనల్లుడిలాంటివాడికి, అంటే మొదటిసారి ఈ దారిలో దిగేవాడికి, తప్పుడు గ్రహణంతో సహా, సోలమన్ గనులే. వేగం ఉంది, నవ్వు ఉంది, ఇగ్నోసీ ఉన్నాడు, వజ్రాల గది రాతితలుపు కింద ముసలి మంత్రగత్తె గాగూల్ ఉంది. మూడూ కాపీరైట్ దాటినవే, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

నిన్న రాత్రి పదకొండింటికి వాడి మెసేజ్ వచ్చింది: "మామయ్యా, కట్టుడు పళ్లు దాటి వచ్చా. ఆ ముసలిది ఎవరు, మంచిదేనా?" నేను జవాబివ్వలేదు.