ఇంట్యూన్ అందరికీ, క్లౌడ్ పీసీ కొందరికే

పలాసలో జీడిపప్పు కంపెనీ, పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీ, విజయనగరంలో ఆడిటర్ గారి ఆఫీసు. ఇరవై నుంచి అరవై దాకా సిస్టమ్‌లున్న ఇలాంటి చోట్ల ఈమధ్య మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్‌నూ వర్చువల్ డెస్క్‌టాప్‌నూ ఒకే కట్టగా అంటగడుతున్నారు. నిజానికి రెండూ వేర్వేరు పనులు. ఇంట్యూన్ ఉద్యోగి చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌నూ ఫోన్‌నూ దూరం నుంచి చక్కబెడుతుంది. వర్చువల్ డెస్క్‌టాప్‌లో సిస్టమ్ డేటా సెంటర్‌లో ఉంటుంది, మన ముందుకొచ్చేది దాని తెర మాత్రమే. తీర్పు ముందే చెప్పేస్తే: ఇంట్యూన్ అన్ని సిస్టమ్‌లకూ తీసుకోవచ్చు. వర్చువల్ డెస్క్‌టాప్‌లో మనిషికొక సిస్టమ్ చొప్పున ఇచ్చే రకం విండోస్ 365 క్లౌడ్ పీసీ, అది పదిమందిలో ఒకరిద్దరికి చాలు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో మనమే కట్టుకుని నడుపుకునే అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్ సంగతికొస్తే, దాన్ని రోజూ చూసుకునే మనిషి జీతం మీద లేకపోతే ఆ జోలికి పోవద్దు.

ఇంట్యూన్‌ను విడిగా కొనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియంలో అది కలిసే ఉంటుంది, 300 మంది దాకా ఈ ప్లాన్ చెల్లుతుంది. మెయిల్, ఎక్సెల్ కోసం ఎలాగూ డబ్బు కడుతున్న ఆఫీసు ఒక మెట్టు పైకెక్కితే సరిపోతుంది. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి కంపెనీ జీఎస్టీ నంబరు వేయించుకుంటే క్రెడిట్ వస్తుంది.

మొదటి దెబ్బ కొనేచోటే తగులుతుంది. షాపులో చవగ్గా దొరికే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 హోమ్ ఎడిషన్ ఉంటుంది. దాన్ని కంపెనీ ఖాతాకు జాయిన్ చేయడం కుదరదు, కొత్త ల్యాప్‌టాప్‌ను దానంతటదే కంపెనీ పద్ధతికి సిద్ధం చేసే ఆటోపైలట్ కూడా పనిచేయదు. బిజినెస్ ప్రీమియం ఉంటే హోమ్ తనంతట తానే ప్రో అయిపోతుందని కొందరు అమ్మకందార్లు చెబుతారు. అవదు, ప్రోకి వేరే డబ్బు కట్టాలి. అందుకే కొటేషన్ అడిగేటప్పుడే ‘విండోస్ 11 ప్రో’ అని రాయించుకోండి.

ఆటోపైలట్ మాత్రం నిజంగా పనికొచ్చే సరుకు. కొత్త ల్యాప్‌టాప్ తెరవగానే, దేశం ఎంచుకోమనే మొదటి తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. అందులో పవర్‌షెల్ (విండోస్‌కు ఆదేశాలిచ్చే పనిముట్టు) తెరిచి, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోపైలట్ స్క్రిప్టును ఆన్‌లైన్ పద్ధతిలో నడిపితే ఆ యంత్రం హార్డ్‌వేర్ హ్యాష్, అంటే దాని వేలిముద్ర లాంటి గుర్తు, నేరుగా ఇంట్యూన్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత రాజాంలో ఉన్న ఉద్యోగి పెట్టె విప్పి, నెట్ కలిపి, కంపెనీ మెయిల్‌తో లాగిన్ అయితే చాలు, మిగతాదంతా దానంతటదే దిగుతుంది. ఒక మెలిక ఉంది. మదర్‌బోర్డు మారిస్తే హ్యాష్ మారిపోతుంది. సర్వీసు సెంటర్ నుంచి తిరిగొచ్చిన ల్యాప్‌టాప్ ఆటోపైలట్‌కు కొత్తదానితో సమానం. పాత నమోదు తీసేసి మళ్లీ ఎక్కించాలి. ‘నిన్నటి దాకా బాగానే ఉందండీ’ అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే.

సాఫ్ట్‌వేర్ దింపేటప్పుడు ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ ఫైళ్లను పాత పద్ధతిలోనూ మిగతావాటిని విన్32 (ఇంట్యూన్ కోసం ప్యాక్ చేసి ఎక్కించే) పద్ధతిలోనూ కలిపి పెడితే, రెండు ఇన్‌స్టాలర్లూ ఒకేసారి తగువులాడుకుని ఆటోపైలట్ మధ్యలో ఆగిపోవచ్చు. అన్నిటినీ విన్32గా మార్చి పెట్టడమే దారి. ఇరవై సిస్టమ్‌లు ఒకేసారి ఆఫీస్ ప్యాకేజీని లాగితే చిన్న ఇంటర్నెట్ లైన్ కుదేలవుతుంది. విండోస్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్‌ను లాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) మోడ్‌లో పెడితే ఒక సిస్టమ్‌లోకి దిగిన ముక్కల్ని పక్క సిస్టమ్‌లు పంచుకుంటాయి. పనివేళల్లో బ్యాండ్‌విడ్త్‌కు పరిమితి కూడా అక్కడే పెట్టొచ్చు.

పాలసీ పెట్టగానే అమలు కాలేదని కంగారుపడొద్దు. కుదురుకున్న విండోస్ యంత్రం సుమారు 8 గంటలకోసారి మాత్రమే ఇంట్యూన్‌ను పలకరిస్తుంది. తొందరైతే సెట్టింగ్స్‌లో కంపెనీ ఖాతా కింద ఉన్న ‘సింక్’ నొక్కాలి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌ది ఇంకో తిరకాసు. డిస్క్ పూర్తిగా లాక్ అయినా కంప్లయన్స్‌లో (యంత్రం కంపెనీ నియమాలకు లోబడి ఉందా అనే లెక్కలో) ఎర్రగానే చూపిస్తుంది. ఆ లెక్క బూట్ అయ్యేటప్పుడే తీసుకుంటుంది కాబట్టి రీస్టార్ట్ చేయాలి. మూత మూసి ఇంటికెళ్లే అలవాటున్న చోట ఈ ఎర్ర గుర్తు ఎన్నాళ్లయినా పోదు. 48 అంకెల రికవరీ కీ కంపెనీ ఖాతాలో భద్రమైందో లేదో చూసుకోకుండా బిట్‌లాకర్ తప్పనిసరి చేయకండి. ‘కంప్లయింట్ యంత్రాలకే మెయిల్’ అనే షరతును ముందు రిపోర్ట్-ఓన్లీలో, అంటే ఎవరినీ ఆపకుండా ఫలితం మాత్రం చూపించే పద్ధతిలో, నడిపించి చూడండి. అత్యవసర అడ్మిన్ ఖాతా ఒకటి ఆ షరతు బయట ఉంచండి. లేకపోతే సోమవారం పొద్దున్న అడ్మిన్‌తో సహా అందరూ గుమ్మం బయటే.

ఫోన్ల దగ్గర ఉద్యోగులు అడిగేది ఒకటే: ‘మా ఫొటోలు చూస్తారా సార్?’ సొంత ఆండ్రాయిడ్ ఫోన్‌ను వర్క్ ప్రొఫైల్‌తో (ఆఫీసు యాప్‌లకు ఫోన్‌లో వేరుగా ఉండే అరతో) చేర్చితే ఫొటోలు, కాల్స్, మెసేజ్‌లు కంపెనీకి కనిపించవు. మనిషి మానేసినప్పుడు ‘రిటైర్’ కొడితే వర్క్ ప్రొఫైల్ ఒక్కటే పోతుంది. ‘వైప్’ కంపెనీ యంత్రాలకు వాడేది, అది మొత్తం ఊడ్చేస్తుంది. కొన్ని బ్రాండ్ల ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఇంట్యూన్ వాడే ‘కంపెనీ పోర్టల్’ యాప్‌ను నిద్రపుచ్చుతుంది, దానికి ఆటోస్టార్ట్ ఇవ్వాలి. ఐఫోన్లుంటే ఇంట్యూన్ వాటితో మాట్లాడడానికి కావాల్సిన యాపిల్ పుష్ సర్టిఫికెట్‌ను ఏటా అదే యాపిల్ ఐడీతో రెన్యూ చేయాలి. మానేసిన ఉద్యోగి సొంత ఐడీతో తీసుకుని ఉంటే ఫోన్లన్నీ మళ్లీ మొదటి నుంచి చేర్చాల్సి రావచ్చు.

ఇక క్లౌడ్ పీసీ. 2021 ఆగస్టులో వచ్చిన విండోస్ 365కి నెలకు మనిషికింత అని కట్టిన ధర. బిజినెస్ రకానికి ఇంట్యూన్ అక్కర్లేదు, ఎంటర్‌ప్రైజ్‌కు కావాలి. 4 జీబీ ర్యామ్ రకం తీసుకుని టీమ్స్ వీడియో కాల్ మాట్లాడాలనుకోవద్దు, 8 జీబీ కనీసం.

దీని బలం కరెంటు పోయినప్పుడు కనిపిస్తుంది. సెషన్ తెగినా అక్కడ సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది. తిరిగి కలిస్తే సగం కొట్టిన ఎంట్రీ అలాగే ఉంటుంది. బలహీనతా అక్కడే. సిస్టమ్‌లన్నిటికీ యూపీఎస్ పెట్టి, ఫైబర్ మోడెమ్ అడాప్టర్‌ను మాత్రం రిసెప్షన్ గోడకున్న మామూలు ప్లగ్గులో గుచ్చిన ఆఫీసులు బోలెడు. కరెంటు రెండు సెకన్లు కన్నుకొడితే చాలు, మోడెమ్ లేచి లైన్ పట్టేదాకా అందరి తెరలూ బిగుసుకుపోతాయి. మోడెమ్, రౌటర్, స్విచ్ మూడూ యూపీఎస్ మీదికి రావాలి. వేరే కంపెనీ లైన్ ఇంకోటి కూడా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు డేటా క్షేమంగానే ఉంటుంది, పని మాత్రం జరగదు.

లైన్ కొలవడానికి స్పీడ్ టెస్ట్ అంకె చూసి మురిసిపోవద్దు. మామూలు ఆఫీసు పనికి మనిషికి 3 ఎంబీపీఎస్ సరిపోతుంది. అసలు చూడాల్సింది రౌండ్ ట్రిప్, అంటే సంకేతం అక్కడికి వెళ్లి తిరిగొచ్చే సమయం. క్లౌడ్ పీసీని తెరిచే ‘విండోస్ యాప్’లో పై పట్టీ మీది సిగ్నల్ గుర్తు నొక్కితే మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. 150 దాటిందంటే టైపు చేసిన అక్షరం వెనకబడడం తెలుస్తుంది. డేటా వేగంగా పోయే యూడీపీ దారిలో వస్తోందా, నెమ్మదిగా పోయే టీసీపీ దారిలోనా అన్నది కూడా అక్కడే చూడండి. టీసీపీ అని వస్తే రౌటర్‌లోనో ఆపరేటర్ దగ్గరో యూడీపీ 3478 పోర్టు మూసి ఉండొచ్చు.

బేరం తెగగొట్టేది చివరికి ప్రింటరే. లారీ బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను క్లౌడ్ పీసీలోంచి ఈజీ ప్రింట్ (వేరే డ్రైవర్ లేకుండా ప్రింటు పంపే పద్ధతి) ద్వారా వాడితే అక్షరాలు బొమ్మలుగా వెళ్తాయి. గీత గీతకూ నత్తనడక, మూడు కాపీల స్టేషనరీలో అడ్డగీతలు జరిగిపోతాయి. అదే డ్రైవర్‌ను సెషన్‌లో కూడా వేస్తే కొంత నయం. బిల్లింగ్ కౌంటర్‌కు మాత్రం మామూలు సిస్టమే ఉంచండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పనిచేస్తుంది గానీ, టోకెన్‌ను లోపలి సిస్టమ్‌కు అందించే స్మార్ట్‌కార్డ్ రీడైరెక్షన్ ఆన్ చేసి, టోకెన్ డ్రైవర్‌ను క్లౌడ్ పీసీ లోపల వేయాలి. బయటి సిస్టమ్‌లో మాత్రమే వేసి జీఎస్టీ పోర్టల్ సర్టిఫికెట్ చూపించట్లేదని తిట్టుకోవడం మామూలే. తెలుగు టైపింగ్‌దీ అదే కథ, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఉండాల్సింది లోపలి సిస్టమ్‌లో.

అయితే ఎవరికి పనికొస్తుంది? వేరే ఊరి నుంచి పనిచేసే అకౌంటెంటుకు, ఫైళ్లు బయటికి పోకూడని కాంట్రాక్టు ఉద్యోగికి, ఏడాదిలో నాలుగు నెలలే ఉండే మనిషికి. షిఫ్టుల ఫ్యాక్టరీకి ఫ్రంట్‌లైన్ రకం నప్పుతుంది. ఒక లైసెన్సుతో ముగ్గురికి క్లౌడ్ పీసీలు ఇవ్వొచ్చు, ఒకసారి ఒకరే వాడాలి.

అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్ కాగితం మీద చవక. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకుంటారు. కానీ విండోస్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే అజూర్ మీటరు ఆగదు, అజూర్ పోర్టల్ నుంచి డీఅలొకేట్ చేయాలి, అంటే యంత్రాన్ని పూర్తిగా వదిలేయాలి. అప్పుడైనా డిస్కు బాడుగ నడుస్తూనే ఉంటుంది. ఎవరైనా సైన్ అవుట్ చేయకుండా కిటికీ మూసేస్తే వాళ్ల సెట్టింగులూ డెస్క్‌టాప్ ఉండే ప్రొఫైల్ డిస్కుకు తాళం పడిపోయి, మర్నాడు ఖాళీ డెస్క్‌టాప్ కనిపించొచ్చు. ఇవన్నీ చూసుకునే మనిషి పక్కన లేకపోతే మిగిలిన డబ్బు ఫోన్ కాల్స్‌కే సరి.

మనిషి వెళ్లిపోయినప్పుడు ఎంటర్‌ప్రైజ్ క్లౌడ్ పీసీ లైసెన్సు తీసేస్తే 7 రోజుల గడువు ఉంటుంది, తర్వాత సిస్టమ్ పోతుంది. ఫైళ్లు ముందే వన్‌డ్రైవ్‌లోకి జరపాలి. పాత ల్యాప్‌టాప్ అమ్మేముందు వైప్ చేసి, ఇంట్యూన్ నుంచీ ఆటోపైలట్ జాబితా నుంచీ రెండు చోట్లా పేరు తీసేయండి. లేకపోతే కొన్నవాళ్లు ఫార్మాట్ కొట్టినప్పుడల్లా మీ కంపెనీ లాగిన్ తెరే వచ్చి కూర్చుంటుంది.