ఎర్ర కొండల దారిలో ఎక్కడ దిగాలి, ఎన్నాళ్ళు ఉండాలి

లాస్ వేగస్‌లో కారు అద్దెకు తీసుకుని యూటా, అరిజోనా రాష్ట్రాల్లోని జయాన్, బ్రైస్, ఆర్చెస్, గ్రాండ్ కాన్యన్ పార్కులన్నీ ఒక్క లాంగ్ వీకెండ్‌లో చుట్టేసే మనవాళ్ళు చాలామంది. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే ఆ హడావిడి మరీ ఎక్కువ. ఆ పద్ధతి వద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ రాళ్ళని చూడాల్సింది పొద్దునా సాయంత్రమూ. నడిమధ్యాహ్నం ఎండకి ఎరుపంతా వెలిసిపోయి, లోతు తెలియకుండా పోతుంది. ఒకటి రెండు పార్కులు మానుకున్నా ఫరవాలేదు. గేటుకి దగ్గర్లో రూము తీసుకుని ఒక్కోచోట రెండు రాత్రులు ఉండండి. మా అమ్మానాయనలతో అక్టోబరులో మేము అలాగే వెళ్ళాం.

జయాన్ నడవగలిగినవాళ్ళ పార్కు. మార్చి నుంచి నవంబరు దాకా లోయ లోపలికి సొంత కార్లు పోనివ్వరు, ఉచితంగా షటిల్ బస్సులు నడుపుతారు. ఏంజెల్స్ లాండింగ్ అనే నిటారు కొండ ఎక్కాలంటే 2022 నుంచి పర్మిట్ తప్పనిసరి, అది లాటరీలో రావాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మిగిలేది ఆఖరి స్టాపు దగ్గర మొదలయ్యే రివర్‌సైడ్ వాక్. నది పక్కనే చదునైన దారి, రానూపోనూ రెండు మైళ్ళ పైచిలుకు. మా అమ్మ అక్కడక్కడా కూర్చుంటూ పూర్తిచేసింది. గేటు పక్కనే ఉన్న స్ప్రింగ్‌డేల్‌లో రూములు ప్రియమే, కానీ ఊళ్ళో షటిల్ హోటళ్ళ ముందే ఆగుతుంది, పార్కింగ్ కోసం తెల్లవారుజామున పరిగెత్తే పని ఉండదు. ఆ డబ్బు దండగ కాదు.

నన్నడిగితే పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఎక్కువ సమయం ఇవ్వాల్సింది బ్రైస్‌కి. అంచు మీద నిలబడితే చాలు, మొత్తం కిందే కనబడుతుంది. సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అర మైలు దారి చదునుగా, వీల్‌చైర్ వెళ్ళేలా వేశారు. కింద వేల కొద్దీ రాతి స్తంభాలు, హూడూలు అంటారు. పగుళ్ళలోకి దిగిన నీళ్ళు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. ఏడాదిలో ఇంచుమించు 200 రోజులు ఇదే జరుగుతుంది. అలా కొంచెం కొంచెంగా రాయి విడిపోయి గోడలు స్తంభాలవుతాయి, ఆ స్తంభాలూ కూలిపోతాయి. పొద్దున్నే సూర్యుడు వాటి వెనక నుంచి వస్తాడు. వెలుగు ఒక గోడ మీద పడి పక్క గోడకి తుళ్ళుతుంది. అప్పుడు నీడలో ఉన్న రాళ్ళు కూడా లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి. మంకీ క్యాప్, రెండు శాలువలు వేసుకుని వణుకుతూ వచ్చిన అమ్మ ఎండ చుర్రుమనేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఎనిమిది వేల అడుగుల ఎత్తు కాబట్టి అక్టోబరులోనే చలి కోస్తుంది, త్వరత్వరగా నడిస్తే ఆయాసమూ వస్తుంది.

బస పది మైళ్ళ దూరంలోని ట్రాపిక్ అనే పల్లెలో. కిచెన్ ఉందని బుక్ చేసిన ఒక క్యాబిన్‌లో దిగి చూస్తే మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ తప్ప ఏమీ లేవు. పొయ్యి ఉందా, గిన్నెలున్నాయా అని ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మాకు వెంట తెచ్చుకున్న రైస్ కుక్కర్, ఆవకాయ, కందిపొడి అక్కరకొచ్చాయి. ఈ చిన్న ఊళ్ళలో రాత్రి ఎనిమిదిన్నర దాటితే తిండి దొరకడం కష్టం, శాకాహారులకైతే ఇంకా కష్టం.

బ్రైస్ నుంచి హైవే 12 పట్టుకోండి, అదీ పగటిపూటే. బౌల్డర్ అనే చిన్న ఊరి దగ్గరికి వచ్చేసరికి ఒకచోట రోడ్డు కొండ వీపు మీద సాగుతుంది. రెండువైపులా లోయే, చాలామేర రెయిలింగు కూడా ఉండదు. నాయన ముందు సీట్లో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆ దారి చివర కాపిటల్ రీఫ్. మనవాళ్ళు సాధారణంగా దాటుకుని వెళ్ళిపోయే పార్కు ఇది. మార్మన్ అనే క్రైస్తవ శాఖవారు వేసిన పండ్ల తోటల్ని పార్కువాళ్ళే సాకుతున్నారు. కోతకి తెరిచిన తోటలో ఎన్ని తిన్నా ఉచితం, పట్టుకెళ్ళేవాటిని మాత్రం తూచుకుని అక్కడున్న పెట్టెలో డబ్బు వెయ్యాలి. ఎర్రటి కొండగోడ కింద పచ్చటి ఆపిల్ చెట్లు, చెట్టుకి ఆనించిన నిచ్చెన. నాయన ఒక ఆపిల్ తెంపి పంచెకి తుడుచుకుని కొరికారు. జనం లేరు, టికెట్ గొడవ లేదు. అక్కడ ఒక్క రాత్రే పెట్టుకోవడం ఇప్పటికీ వెలితిగానే ఉంది.

ఆర్చెస్ పక్క ఊరు మోయబ్‌లో రూముల ధరలు బెదరగొడతాయి. యాభై మైళ్ళ అవతల గ్రీన్ రివర్‌లో చవక, కానీ పొద్దుటి వెలుగు దారిలోనే అయిపోతుంది. ఆర్చెస్‌లో డెలికేట్ ఆర్చ్ అనే రాతి కమాను దగ్గరికి రానూపోనూ మూడు మైళ్ళు, 480 అడుగుల ఎక్కుడు, ఎక్కడా నీడ లేదు. అమ్మావాళ్ళని విండోస్ వైపు తీసుకెళ్ళాం, కారు దిగితే కమానులు అక్కడే. ప్రవేశానికి ముందుగా సమయం బుక్ చేసుకోవాలన్న నియమం ఏడాదికో రకంగా మారుతోంది, పార్కు వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. ఒక్క విన్నపం: బాట పక్కన నల్లగా, గరుకుగా ఉబ్బెత్తుగా కనిపించే నేల మీద కాలు పెట్టకండి. అది సూక్ష్మజీవులు అల్లిన పొర, ఇసుకని పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. ఫోటో కోసం పిల్లల్ని అటు తోలేవాళ్ళని చూస్తే ప్రాణం చివుక్కుమంటుంది.

ఖర్చు సంగతి. జాతీయ పార్కుల వార్షిక పాస్ 80 డాలర్లు. అయితే 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కానివారికి అదే పాస్ 250 డాలర్లు. పాస్ లేకపోతే వాళ్ళకి జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ సహా 11 పార్కుల్లో తలకి 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఆ నిబంధనలు ముందే చదువుకోండి. మాన్యుమెంట్ వ్యాలీ, ఆంటిలోప్ కాన్యన్ నవహో అనే ఆదివాసీ జాతివారి భూములు, అక్కడ ఈ పాస్ చెల్లదు. ఆంటిలోప్ అంటే అప్పర్, లోయర్ అని రెండు ఇరుకు లోయలు, గైడు లేకుండా లోపలికి పంపరు. 1997 ఆగస్టులో ఎక్కడో ఎగువన పడ్డ వానకి వరద వచ్చి లోయర్ ఆంటిలోప్‌లో 11 మంది చనిపోయారు. మబ్బుందని టూర్ ఆపేస్తే వాళ్ళతో వాదించకండి. లోయర్‌లో నిటారు ఇనుప మెట్లున్నాయి, పెద్దవాళ్ళకి అప్పరే నయం. ఇంకోటి, వేసవిలో నవహో ప్రాంతం గడియారం గంట ముందుకి జరుగుతుంది, అరిజోనాలో మిగతా చోట్ల జరగదు. పేజ్ ఊళ్ళో ఆంటిలోప్ టూర్లు అరిజోనా టైము ప్రకారమే నడుస్తాయి. ఫోన్ తికమక పడుతుంది, టూరు వాళ్ళకి ఫోన్ చేసి టైము రూఢి చేసుకోండి.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సౌత్ రిమ్‌లో సాయంత్రం మేథర్ పాయింట్ తిరునాళ్ళలా ఉంటుంది. మాకు నచ్చింది ట్రెయిల్ ఆఫ్ టైమ్. అంచు వెంబడి తారు దారి, ఒక్కో మీటరూ పది లక్షల ఏళ్ళకి లెక్క. ఆయా కాలాల రాళ్ళని లోయలోంచి తెచ్చి, చేత్తో తాకేలా పక్కన నిలబెట్టారు. పాతకాలం వైపు నడుస్తుంటే విష్ణు, బ్రహ్మ, రామ అన్న పేర్లతో రాళ్ళు ఎదురవుతాయి, వయసు 170 కోట్ల ఏళ్ళకి అటూ ఇటూ. లోయలో శిఖరాలకి కూడా విష్ణు, శివ ఆలయాలని పేర్లున్నాయి. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ పనిచేసిన క్లారెన్స్ డట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు దేశాల దేవతల పేర్లు పెట్టే ఆనవాయితీ తెచ్చారు. నాయన ఆ నల్లరాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఆయనది జమ్మలమడుగు పక్క ఊరు.

"మన గండికోట కాడ పెన్నేరు గూడ ఇట్లే కోసుకుంటా పోయింది గదరా" అన్నారు. "ఈడ మాదిరి బాట యేసి, ఏ రాయి ఎప్పటిదో చెప్పేవాళ్ళుంటే మనోళ్ళు గూడ నిలబడి చూస్తారు."

ఇక్కడ బసకి పార్కు లోపలి లాడ్జీలే మేలు, కానీ ఏడాది ముందే నిండిపోతాయి. దొరక్కపోతే గేటు బయటే ఉన్న టుసాయన్ చూడండి. 60 మైళ్ళ దూరంలోని విలియమ్స్‌లో చవకే గానీ, సూర్యాస్తమయం చూసి చీకట్లో తిరిగి వెళ్ళేటప్పుడు రోడ్డు మీదికి ఎల్క్‌లనే పెద్ద దుప్పులు వస్తాయి. పెద్దవాళ్ళు కారులో ఉంటే ఆ ప్రయాణం పెట్టుకోవద్దు.