బాత్ నగరానికి రెండున్నర గంటలు: ఒంగోలులో వేయించుకున్న ఒక యాత్రా ప్రణాళికపై సమీక్ష

గత జూన్‌లో ఇంగ్లండ్ వెళ్ళే ముందు ఒంగోలులోని ఒక ట్రావెల్స్ వారి చేత పది రోజుల ప్రయాణానికి ప్రణాళిక వేయించుకున్నాము. వీసా దరఖాస్తు నింపడంలోనూ, బ్యాంకు స్టేట్‌మెంట్లు సరిచూడడంలోనూ, చెన్నైలో వేలిముద్రలకు తేదీ ఇప్పించడంలోనూ వారు ఎక్కడా తడబడలేదు, ఆ మేరకు వారికి పూర్తి మార్కులు వేస్తాను. చిక్కంతా వారిచ్చిన నాలుగు పేజీల కాగితంలో ఐదో రోజు దగ్గర వచ్చింది. పొద్దున్నే లండన్‌లో బస్సు ఎక్కి, విండ్సర్ కోటా స్టోన్‌హెంజీ చూసుకుని, మధ్యాహ్నం మూడున్నరకు బాత్ చేరి, అక్కడ 'రోమన్ స్నానం' చేసి, ఆరు గంటలకు తిరుగు బస్సు ఎక్కాలని అందులో ఉంది.

ఆ 'స్నానం' అన్న మాట చూసి మా అమ్మ ఒక తువ్వాలు, తీర్థం పట్టుకోవడానికి మూత గట్టిగా ఉన్న చిన్న సీసా పెట్టెలో సర్దుకుంది. పుష్కరాలకు వెళ్ళివచ్చిన మనిషికి అది సహజమే. నిజానికి వేడినీటి ఊట దగ్గర రోమన్లు కట్టిన ఆ కొలనులో స్నానం మాట అటుంచి, వేలు ముంచడానికి కూడా ఒప్పుకోరు. 1978లో ఆ నీటిలో ఈదిన ఒక బాలిక అమీబా మెదడుకు సోకి మరణించిన తరువాత అక్కడ స్నానాలు నిలిపివేశారు. ఆ వేడినీటిలో మునగాలంటే పక్కనే 2006లో తెరిచిన థర్మే బాత్ స్పాకు వెళ్ళాలి. దానికి టికెట్టు వేరు, పదహారేళ్ళు నిండి ఉండాలి, ఈత దుస్తులు తప్పనిసరి. చీరకట్టు విడవని పెద్దవారితో వెళ్ళేవారికి ఈ సంగతి ఒంగోలులోనే చెప్పి ఉండవలసింది.

లండన్‌లో ఉండే మా మేనల్లుడు ఆ కాగితం చూసి నవ్వి, ఐదో రోజును కొట్టివేసి, బాత్‌లో రెండు రాత్రులు బస ఏర్పాటు చేశాడు. ప్యాడింగ్టన్ స్టేషన్ నుంచి రైలులో సుమారు గంటన్నర ప్రయాణం, టికెట్లు ముందుగా కొంటే ధర బాగా తగ్గుతుంది. బాత్ స్పా స్టేషన్ నుంచి రోమన్ స్నానశాలకు పది నిమిషాల నడక. స్నానశాలకు మాత్రం వేళతో సహా టికెట్టు ముందే తీసుకోవడం మంచిది, శని ఆదివారాల్లో ధర ఎక్కువ. మేము మంగళవారం ఉదయం మొదటి వేళకే వెళ్ళాము.

లోపల చూడవలసింది పెద్ద కొలను ఒక్కటే కాదు. చుట్టూ నిలబెట్టిన రోమన్ చక్రవర్తుల విగ్రహాలు పందొమ్మిదో శతాబ్దం చివర పెట్టినవి, స్తంభాల మొదళ్ళకు పైన కనబడే కట్టడంలో చాలా భాగం కూడా ఆ కాలపుదే. అసలు రోమన్ పనితనం కిందనే ఉంది: కొలను అడుగున పరిచిన 45 సీసపు రేకులు, దాదాపు రెండు వేల ఏళ్ళ తరువాత ఇప్పటికీ నీరు మోస్తున్న కాలువ. రోజుకు 11 లక్షల 70 వేల లీటర్ల నీరు 46 డిగ్రీల వేడితో ఊరుతుంది. మిగులు నీరు ఆవిర్లు కక్కుతూ దూకే తూము దగ్గర రాయి అంతా కాషాయం రంగుకు తిరిగి ఉంది. కనిగిరి వైపు బోరు కింద తొట్టికి పట్టే ఇనుప చిలుమును చూసినవారికి ఆ రంగును ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఊటలో దొరికిన నాణేలు 12 వేలకు పైగా ఉన్నాయట. రైలు కృష్ణ దాటుతుంటే కిటికీలోంచి రూపాయి విసిరే మనకు ఇందులో వింత ఏమీ తోచదు. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది శాపాల రేకుల ముందు. సీసం అనే లోహాన్ని పలుచగా సాగగొట్టి, మార్కాపురం పలక మీద గీసినట్టు దాని మీద ఫిర్యాదు గీకి, మడిచి, సూలిస్ మినర్వా దేవతకు ఊటలో వేసేవారు. డోసిమెడిస్ అనే అతను తన చేతితొడుగుల జత పోయిందని, దొంగకు మతీ కళ్ళూ పోవాలని వేడుకున్నాడు. ఆ మాట చదివి వినిపిస్తే అమ్మ, "మన ఊళ్ళో కోడి పోతే తిట్టేదీ ఇదేగా" అంది.

చివర పంప్ రూమ్ అనే పాత హాలు దగ్గర ఆ నీటిని రుచి చూడనిస్తారు. గోరువెచ్చగా, 43 ఖనిజాలతో, మింగుడుపడని రుచి. ఫ్లోరైడ్ నీళ్ళ మధ్య పెరిగిన అమ్మ ఒక్క గుక్క తాగి, "ఇవి బోరు నీళ్ళేరా" అని తేల్చింది. ఆమె మాట నిజమే. పాత ఊటను నమ్మలేక తరువాతి కాలంలో లోతుగా బోరు వేసి, ఆ నీటినే ఇక్కడికి తెచ్చారు. సీసా మాత్రం ఖాళీగానే తిరిగివచ్చింది.

చీమకుర్తి రాయితో పాతికేళ్ళుగా వ్యాపారం చేస్తున్నవాడిని కనుక, సాయంత్రాలు నాకు రాయి చూడడానికే చాలలేదు. ఊరంతా ఒకే తేనెరంగు సున్నపురాయి. మన బ్లాక్ గెలాక్సీ నల్లరాయికి వచ్చే నిగనిగ దీనికి రాదు, కానీ ఏ వైపు నుంచి కోసినా చక్కగా తెగే మెత్తని రాయి కావడంతో చెక్కడానికి బహు అనువైనది. జాన్ వుడ్ అనే వాస్తుశిల్పి కుమారుడు 1767లో మొదలుపెట్టిన రాయల్ క్రెసెంట్ అనే ఇళ్ళ వరుసలో 30 ఇళ్ళ ముఖాలు ఒకే వంపులో, ఒకే కొలతలో ఉంటాయి, వెనక్కి వెళ్ళి చూస్తే మాత్రం ఎవరి ఇల్లు వారిదే, కిటికీల వరస కూడా కలవదు. ముందరి గోడను మాత్రమే ఒక నమూనా ప్రకారం కట్టి, లోపలంతా కొన్నవారి ఇష్టానికి వదిలేశారు. జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, ఆ ఏటవాలు ఎండలో ఆ గోడలు చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. నగర మేయరు తరఫున స్వచ్ఛంద గైడ్లు నడిపించి ఊరు చూపేదీ ఉచితమే, బహుమానం కూడా పుచ్చుకోరు. ఆరు గంటలకు బస్సు ఎక్కేవారికి ఈ వెలుగు దక్కదు.

ఇబ్బందులు లేకపోలేదు. క్రెసెంట్ దాకా దారి ఎగువకే, మోకాళ్ళ నొప్పులున్నవారు ఆగి ఆగి నడవాలి. అబ్బే అనే పాత చర్చి గోపురానికి 212 మెట్లు, మేము ఎక్కలేదు. భోజనానికి వంటగది ఉన్న బస తీసుకుని, కందిపొడితో గడిపాము.

తిరిగి వచ్చాక ఇదంతా ఆ ట్రావెల్స్ కార్యాలయంలో కూర్చుని చెప్పాను, వారు ఓపికగా విని రాసుకున్నారు కూడా. మొన్న మా వియ్యంకుల వారికి వారే ఇచ్చిన కొత్త కాగితం చూశాను. బాత్‌కు ఇంకా రెండున్నర గంటలే ఉంది, 'రోమన్ స్నానం' అన్న మాట మాత్రం తీసేశారు.